సత్తెమ్మ చార్మినార్ రూపాయి

పాత నాణేల దుకాణంలో నా జీవితంలో పెద్ద భాగం గడిచిపోయింది. ఇప్పుడు మానేసి ఇంట్లో ఉంటున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు వచ్చి, "మేడం, ఏ నాణెం కొని పెట్టుకుంటే రేటు పెరుగుతది?" అని అడుగుతుంటారు. అది నాకు తెలిసి ఉంటే నాచారంలో రెండు గదుల అద్దె ఇంట్లో కూర్చుని మీకు టీ పెట్టేదాన్ని కాదని చెప్తాను. నవ్వుతారు. టీ తాగి మళ్ళీ అదే అడుగుతారు. అందుకని, వాళ్ళు అడగని సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

నేను పనిలో చేరిన వైనం

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు కాలికి జబ్బు చేసి ఇంటి పట్టునే ఉండిపోయాను. మా నాన్న అచ్చాఫీసులో అక్షరాలు పేర్చేవాడు. సాయంత్రం ప్రూఫు కాగితాలు ఇంటికి తెచ్చి వాటి మీద నాకు తెలుగు నేర్పాడు. పెళ్ళి పత్రికలు, సంతాప కార్డులు, పురుగుమందుల కరపత్రాలు, ఇవే నా పాఠ్యపుస్తకాలు. పక్కింటి ఫాతిమా ఆపా ఉర్దూ చెప్పింది. ఆమె ఉల్లిగడ్డలు కోస్తుంటే నేను పక్కన కూర్చుని ఏడుస్తూ అక్షరాలు దిద్దాలి, అదే ఫీజు. ఇద్దరూ ఇప్పుడు లేరు. పొద్దుటి ప్రార్థనలో ఇద్దరి పేర్లూ తలుచుకోకుండా నేను టీ తాగను.

నాచారం మెయిన్ రోడ్డు మీద జిరాక్సు షాపు వెనక ఒక గదిలో నర్సింగ్ సేఠ్ పాత నాణేలు కొని అమ్మేవాడు. నిజాం కాలపు నాణేల మీది ఉర్దూ లిపి రాత చదివిపెట్టే మనిషి కావాలని మా చర్చికి వచ్చే ఎవరితోనో అన్నాడట. ఆ రాత చదవగలిగిన మగవాళ్ళు ఎక్కువ జీతం అడిగారు. ఆ విధంగా దేవుడు నాకు దారి తెరిచాడు. సేఠ్ పిసినారితనానికి నేను చాలా కాలం కృతజ్ఞురాలిగా ఉన్నాను. ఇప్పటికీ ఉన్నాను.

నిట్టూర్పు విద్య

సేఠ్ దగ్గర నేను మొదట నేర్చుకున్న పాఠం నాణేలది కాదు, నిట్టూర్పుది. ఎవరైనా నాణెం అమ్మడానికి తెస్తే ఆయన భూతద్దం కంటికి పెట్టుకుని చాలాసేపు చూసేవాడు. తర్వాత ఛాతీ అడుగు నుంచి ఒక ఊపిరి వదిలేవాడు. ఇంట్లో ఎవరో పోయారన్నట్టు ఉండేది. నోట మాట రాకముందే అవతలి మనిషి మనసులో ధర సగానికి దిగిపోయేది. అబద్ధం ఒక్కటీ చెప్పలేదు కనుక ఆదివారం గుడికి పోయి నిశ్చింతగా కొబ్బరికాయ కొట్టుకునేవాడు. ఈ వృత్తిలో అబద్ధం చెప్పేవాళ్ళు మీరు అనుకున్నంతమంది ఉండరు. ఊపిరి వదిలేవాళ్ళే ఎక్కువ.

అయితే ఆయన దగ్గర ఒక మంచి మాట కూడా నేర్చుకున్నాను. ఒకసారి ఒకతను రాముడి కొలువు చెక్కిన రాగి బిళ్ళ పట్టుకొచ్చాడు. అది బియ్యపు గింజలను దగ్గరికి లాక్కుంటుందని, విదేశాలవాళ్ళు కోట్లు పోసి కొంటారని ఎవరో చెప్పారట. కౌంటరు అద్దం మీద బియ్యం పోశాడు. గింజ కదల్లేదు. ఫ్యాన్ ఆపమన్నాడు. ఆపాం. అయినా కదల్లేదు.

"ఇవి సన్న బియ్యం మేడం. దొడ్డువి గావాలె," అన్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. ఈ బిళ్ళ మొన్న మొన్న అచ్చు గుద్దినదని, అతన్ని ఎవరో ముంచారని గడగడా చెప్పేశాను. అతను గింజ గింజా ఏరుకుని జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

సేఠ్ తలెత్తకుండానే అన్నాడు: "బిళ్ళను మంచిగ సూసినవ్ కరుణమ్మా. తెచ్చినోని మొఖం సూసినవా?"

చూడలేదు. ఆ రోజు నుంచి ముందు మొహం, తర్వాత నాణెం. ఇది ఏ కోర్సులోనూ చెప్పరు. చెప్పినా, నిట్టూర్పులు అమ్ముకునే మనిషి చెప్తే ఎవరు నమ్ముతారు?

ధర పుట్టిన తీరు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నేను పని మానేయడానికి కొద్ది కాలం ముందు జరిగింది ఇది.

సత్తెమ్మ అని నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో పచ్చళ్ళ కంపెనీలో పని చేసే మనిషి. జనగామ పక్క ఊరు. ఆమె పూజ గూట్లో ఒక చార్మినార్ రూపాయి ఉంది. చార్మినార్ రూపాయి అంటే నిజాం కాలపు వెండి నాణెం, ఒక వైపు చార్మినార్ బొమ్మ, రెండో వైపు రాత. చేతులు మారి మారి అరిగినవి ఇప్పటికీ బాగానే దొరుకుతాయి, వెండి ధరకు అటూ ఇటూగా పోతాయి. అచ్చులోంచి దిగిన నాటి మెరుపుతో, ఎవరి చేతికీ అంటకుండా మిగిలినవి మాత్రం అరుదు. అటువంటి దానికోసం పెద్దమనుషులు సొంత తోబుట్టువులతో మాటలు మానేస్తారు.

సత్తెమ్మకు ఇద్దరు తమ్ముళ్ళు. పెద్దవాడు మల్లేశం బోడుప్పల్‌లో ప్లాట్లు చూపిస్తాడు. చిన్నవాడు శ్రీను రామంతాపూర్ రూట్లో షేర్ ఆటో నడుపుతాడు. ఒక శుక్రవారం మల్లేశం అక్క ఇంటికి అన్నానికి వచ్చి, గూట్లో దీపం వెలుగులో తళతళలాడుతున్న రూపాయిని చూశాడు. ఫోనుతో ఫొటో తీశాడు. ఆ ఫొటో అతని స్నేహితుడి దగ్గరికి, అక్కడినుంచి ఉప్పల్‌లోని మా నాణేల సంఘం వాట్సాప్ గ్రూపుకు వచ్చి పడింది.

మా సంఘం ప్రెసిడెంట్ గారు బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఫొటో చూసి ఆయన రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి, "చేతులు మారని నాణెం! ఆ మెరుపు చూడండి!" అని రాశారు. ఫొటోలో మెరుపు తప్ప ఇంకేమీ లేదు. దీపం కాంతి పడి రాత కూడా కనిపించడం లేదు. అయినా అంతే చాలు. మధ్యాహ్నానికి ఒకాయన, పూణేలో ఇలాంటిది ఒక కారు ధర పలికిందన్నాడు. సాయంత్రానికి ఇంకొకాయన, కారు కాదు ఇల్లు అన్నాడు. తెల్లారి గుడ్ మార్నింగ్ పూలబొమ్మల మధ్య అది బోడుప్పల్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌గా నిలబడింది. నాణేన్ని కళ్ళారా చూసినవాళ్ళు ఎవరూ లేరు. చూస్తే ధర అంత పెరగదు కదా.

తమ్ముళ్ళిద్దరూ మా దుకాణానికి వచ్చారు. సేఠ్ వాళ్ళకు టీ తెప్పించాడు. ఆయన టీ తెప్పించడం నేను అరుదుగా చూశాను.

"అమ్మ పోయినంక అమ్మది ముగ్గురికి వస్తది గద సేఠ్," అన్నాడు మల్లేశం. "అక్కొక్కతే గూట్ల వెట్టుకుంటే ఎట్ల?"

"న్యాయమే," అన్నాడు సేఠ్. అమ్మకం తన చేతి మీదుగా జరిగితే ఆయన కమీషను ఆయనకు వస్తుంది. న్యాయం ఆయనకు అంత త్వరగా బోధపడటం అదొక్కసారే.

ఆదివారం సంఘం సమావేశానికి నాణెం తెస్తామని, అందరి ముందు తేల్చుకుంటామని చెప్పి వెళ్ళారు.

సత్తెమ్మ అడిగింది

మర్నాడు అన్నం బెల్లు సమయంలో సత్తెమ్మే వచ్చింది. చేతులు ఆవపిండి వాసన వేస్తున్నాయి. గుమ్మంలోనే నిలబడింది.

"కరుణమ్మ మేడం అంటే మీరేనా?"

"నేనే. లోపలికి రా, కూసో."

"కూసుంటే సూపర్‌వైజర్ ఆగం జేస్తడు. ఒక్క మాట మేడం. మా తమ్ముళ్ళు ఆయితారం నా రూపాయి మీ కాడికి తెస్తున్నరు. దానికి రేటు లేదని చెప్పుండ్రి."

"సూడకుంట ఎట్ల చెప్త?"

"సూసినంకనే చెప్పుండ్రి. రేటు లేదని."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"నేను ఊరిడిసి పట్నం వస్తుంటే మా అమ్మ చేతుల వెట్టింది. గిది లచ్చిమమ్మ, మంచిగ సూసుకో బిడ్డా అన్నది. లాక్‌డౌన్ల కంపెనీ బందైనప్పుడు కమ్మలు అమ్మిన. బీరువ అమ్మిన. మా ఆయన బండి అమ్మిన. గూట్లకు మాత్రం చెయ్యి పోలేదు. గిప్పుడు వీళ్ళొచ్చి మూడు పాళ్ళంటున్నరు. దేవుని మూడు పాళ్ళు ఎట్ల జేస్తరు మేడం?"

"సత్తెమ్మా, ఉన్నది ఉన్నట్టు చెప్త. లేంది చెప్పలేను."

"మీరు గూడ దేవుణ్ణి నమ్ముకున్నోళ్ళే గద."

"గందుకే చెప్పలేను."

ఆమె నా మెడలోని చిన్న శిలువ వైపు చూసింది. "మంచి దేవుడు దొరికిండు మీకు," అని వెళ్ళిపోయింది.

పిల్లలూ, ఈ పనిలో మిమ్మల్ని ఎవరైనా మోసగాడు అంటే పట్టించుకోకండి, అలవాటవుతుంది. నిజాయితీపరురాలివి అని ఇలా తిడితే మాత్రం అన్నం సహించదు. ఆ వారమంతా నేను ఒకే ప్రార్థన చేశాను. ప్రభువా, నిజం చెప్పే ధైర్యం ఇవ్వు. ఎలాగూ ఇస్తావు కనుక, ఆ నిజం చిన్నదిగా ఉండేట్టు చూడు.

సేఠ్ నన్ను వేరుగా పిలిచి తన సలహా తాను ఇచ్చాడు. "నువ్వేం మాట్లాడకు కరుణమ్మా. ప్రెసిడెంట్ రేర్ అంటడు, కొనేటోళ్ళు లేస్తరు. నువ్వు జర గోడ దిక్కు సూడు, సాలు."

ఉప్పల్‌లో ఆదివారం

మా సంఘం ఉప్పల్‌లో ఒక ఫంక్షన్ హాలు భోజనాల గదిలో కలిసేది. ముందు రోజు పెళ్ళి బగారా అన్నం వాసన గోడలకు ఉండేది. బల్లల మీద ఆల్బమ్‌లు, భూతద్దాలు, స్టీలు టిఫిన్ డబ్బాలు. చరిత్రను కాపాడటం సంఘం ఆశయం. కాపాడిన చరిత్రను పక్కవాడికి చూపించకపోవడం సభ్యుల ఆశయం. ఒకరి నాణెం ఇంకొకరు చూసి "మంచి పీస్" అంటే నకిలీ అని అర్థం. ఏమీ అనకుండా మూతి బిగించి తిరిగి ఇచ్చేస్తే, అది అసలుదని, ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టదని అర్థం.

ఇంత వెక్కిరిస్తున్నాను కానీ, నా కాలికి ఆపరేషన్ అయినప్పుడు దవాఖానాకు వచ్చి రక్తం ఇచ్చింది ఈ మూతులు బిగించినవాళ్ళే. బాటిల్ ఎక్కుతున్నంతసేపూ నా మంచం పక్కన కూర్చుని మొఘలుల బంగారు మొహర్ల గురించి పోట్లాడుకున్నారు. డాక్టరు వాళ్ళను బయటకు పంపాల్సి వచ్చింది. వాళ్ళ రక్తం నాలో ఉంది. అందుకే వాళ్ళను తిట్టే హక్కు కూడా ఉంది.

ఆ ఆదివారం నేను పొద్దుటి ఆరాధన ముగించుకుని వెళ్ళేసరికి గది నిండిపోయి ఉంది. శ్రీను ఆటో వచ్చి ఆగింది. ముగ్గురూ దిగి లోపలికి వచ్చారు, మధ్యలో సత్తెమ్మ, అటొక తమ్ముడు, ఇటొక తమ్ముడు. రూపాయి ఆమె కొంగు ముడిలో ఉంది. వాళ్ళు ఎంత అడిగినా చేతికి ఇవ్వలేదట. నన్ను చూసి మొహం తిప్పుకుంది.

ప్రెసిడెంట్ గారు తెల్ల చేతితొడుగులు వేసుకున్నారు. బల్ల మీద నీలం మఖ్మల్ గుడ్డ పరిచారు. "అమ్మా, తీయండి. జాగ్రత్త, వేళ్ళు అంచుల మీదే ఉండాలి," అన్నారు.

సత్తెమ్మ ముడి విప్పింది. రూపాయిని ముందు కళ్ళకద్దుకుంది. తర్వాత గుడ్డ మీద పెట్టింది.

దూరం నుంచి చూస్తే నిజంగానే తళుక్కుమంది. గదిలో ఒక మూలుగు లేచింది. ప్రెసిడెంట్ గారు భూతద్దం పెట్టి వంగారు. వంగినవారు లేవలేదు. ఆయన మెడ వెనక భాగం ఎర్రబడటం నేను చూశాను. చాలాసేపటికి తలెత్తి, "ఒక సీనియర్‌గా కరుణమ్మ గారు కూడా చూస్తే బాగుంటుంది," అన్నారు. అంత గౌరవం ఆయన నాకు అంతకుముందు ఎప్పుడూ ఇవ్వలేదు.

సేఠ్ గోడ వైపు చూశాడు. నన్నూ చూడమని.

నేను ముందు సత్తెమ్మ మొహం చూశాను. తర్వాత భూతద్దం పెట్టాను.

చార్మినార్‌కు మినార్ల పై అంతస్తులు లేవు. తోరణాలు కలిసిపోయాయి. రెండో వైపు రాత, నెల రోజులు వాడిన సబ్బు మీది పేరులా ఉంది. సంవత్సరం అంకెల చోట ఒక వంపు మాత్రం మిగిలింది. నాణెం అంతటా వెంట్రుకల్లాంటి సన్నని గీతలు, గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి. ఆ గీతలే దీపం ముందు అంత మెరిసి గ్రూపును వెర్రెత్తించాయి.

"సత్తెమ్మా, దీన్ని ఎట్ల కడుగుతవ్?" అని అడిగాను.

ఆ ప్రశ్న తనను ఎవరైనా అడుగుతారని ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్నట్టు ఆమె మొహం వెలిగింది.

"ప్రతి శుక్రారం కడుగుత మేడం. శింతపండు రాసి జరసేపు పెడ్త. ఎన్కనుంచి బూడిద, కొబ్బరి పీసు వెట్టి తోముత. తళతళ అనేదాంక ఇడువ. జెరమొచ్చినా ఒక్క శుక్రారం గూడ తప్పలే. మా అమ్మ గూడ గట్లనే తోమేది, ఆమెనే నేర్పింది."

గదిలో ఎవరో "అయ్యయ్యో" అన్నారు. ఒక పెద్దాయన కుర్చీలో కూలబడ్డారు.

మా లోకంలో ఇది మొదటి ఆజ్ఞ: నాణేన్ని కడగకూడదు. నల్లబడినా, మసి పట్టినా అలాగే ఉంచాలి. ఆ మసి నాణేనికి చర్మం లాంటిది. దొంగతనం చేసినవాణ్ణయినా ఈ సంఘం క్షమిస్తుంది గానీ చింతపండు పెట్టినవాణ్ణి క్షమించదు.

"చంపేశావమ్మా! నాణేన్ని చంపేశావు!" అని ప్రెసిడెంట్ గారు తొడుగులు విప్పి బల్ల మీద పడేశారు.

మల్లేశం మాత్రం పనికొచ్చే ప్రశ్న అడిగాడు. "ఎంతొస్తది మేడం?"

"వెండి బరువుకు ఎంతో గంతే తమ్ముడు. కొనేటోళ్ళు ఉంటే."

కొనేటోళ్ళు అప్పటికే టీ దగ్గరికి వెళ్ళిపోయారు. సేఠ్ ఛాతీ అడుగు నుంచి ఒక ఊపిరి వదిలాడు. నా కొలువు మొత్తంలో ఆయన ఉత్తినే వదిలిన నిట్టూర్పు అదొక్కటే.

"ఆగం జేసినవ్ గద అక్కా!" అన్నాడు మల్లేశం. "పీసు వెట్టి తోముతరా ఎవలన్న? ఫ్లాటు పోయె!"

"నీకు ఫ్లాట్ ఎవడిచ్చిండురా," అన్నది సత్తెమ్మ.

శ్రీను అన్న చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. ఏదో గొణుక్కున్నారు. వెండి బరువును మూడు భాగాలు చేస్తే ఆటో పెట్రోలుకు చాలదని తేలినట్టుంది. మల్లేశం తిరిగి వచ్చేసరికి అతని మొహంలో కన్నతల్లి మీద ప్రేమ పొంగి పొర్లుతోంది.

"పోనీ అక్కా," అన్నాడు. "అమ్మ యాదికి నువ్వే ఉంచుకో. మాకేం వద్దు."

ఇక్కడ నేను చేసిన పని ఒక్కటే. ఉద్యోగంలో అంతకంటే మంచి పని చేశానని నేను అనుకోను. చెవి దగ్గర చెయ్యి పెట్టి, "గట్టిగ చెప్పు తమ్ముడు, వెనకాలోళ్ళకు ఇనవళ్ళె," అన్నాను.

సంఘం మొత్తం వింటుండగా మల్లేశం మళ్ళీ చెప్పాడు. శ్రీనును కూడా చెప్పమన్నాను. అతనూ చెప్పాడు. సత్తెమ్మ కళ్ళు తుడుచుకుని రూపాయిని కొంగులో ముడి వేసుకుంది. ముడి మీద ఇంకో ముడి వేసింది.

తమ్ముళ్ళు ఆటో వైపు వెళ్ళాక ఆమె నా దగ్గరికి వచ్చింది. గెలిచిన మనిషిలా లేదు. ప్రెసిడెంట్ గారి మాట ముల్లులా దిగింది.

"మేడం, నేను తప్పు జేసిన్నా? మంచిగ సూసుకో బిడ్డా అన్నది అమ్మ. నేనే అరగ్గొట్టిన్నా?"

ప్రెసిడెంట్ గారు వింటున్నారు. నాణేలవాళ్ళందరూ వింటున్నారు. అన్నేళ్ళు ఆ బల్లల చుట్టూ నేను చెప్పుకుంటూ వచ్చిన ఆజ్ఞ నా నాలుక చివరే ఉంది.

"తప్పేం లేదు సత్తెమ్మా. నువ్వు తోమకుంటే ఇయ్యాల అది నీ కొంగుల ఉండకపోవు."

ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత మళ్ళీ అనుమానంగా, "మరి ఇగ కడగొద్దా?" అంది.

"కడుగు. మీ అమ్మ ఎట్ల నేర్పిందో గట్లనే ప్రతి శుక్రారం కడుగు." ప్రెసిడెంట్ గారి ముక్కుపుటాలు అదరడం చూసి, ఆయన ఆరోగ్యం కోసం ఒక్క మాట కలిపాను. "కాకపోతే పీసు వద్దు. చేతితోని మెల్లగ రుద్దు."

సత్తెమ్మ నన్ను జాలిగా చూసింది. "పీసు లేకుంటే జిడ్డెట్ల పోతది మేడం?"



"సరే, పీసుతోనే," అన్నాను.

ప్రెసిడెంట్ గారు ఆ తర్వాత చాలాకాలం నాతో మాట్లాడలేదు. అందుకు కూడా దేవునికి స్తోత్రం.